ఒక మెట్టు కింద

అన్నయ్యతో ఒకరోజు అబద్ధమాడి తప్పించుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. ఆరేళ్ళపాటు రోజూ ఆడటమే కష్టం. ఈ తమ్ముడు ఆ పని చేశాడు. నోరు విప్పకుండా, గిటారు తీగలు సవరించే వంకతో చేశాడు.

అన్నయ్యకు అభిమానులు పెట్టుకున్న పేరు ఉరుము. మైకు పనిచేయకపోయినా ఆయన గొంతు చివరి వరుస దాకా వినిపిస్తుందని అప్పట్లో చెప్పుకునేవారు. అందులో అతిశయోక్తి పెద్దగా లేదు. ఇరవై రెండేళ్ళ వయసులో మొదటిసారి పాడినప్పుడు ఆయన ముందు మైకే లేదు. నాన్న పనిచేసే బట్టల మిల్లుకు యజమానులు ఓ తెల్లవారి తాళం వేసేశారు. మూడు వందల మంది పదకొండు రోజులు గేటు బయట కూర్చున్నారు. ఆ పదకొండు రోజుల్లో అన్నయ్య ఒక ఖాళీ డ్రమ్ము మీద కూర్చుని, చేతులు మారి వచ్చిన పాత గిటారుతో ఒక పాట కట్టాడు. పేరు ‘గేటు తియ్యి’. చివర్లో ‘తియ్యి’ అన్న మాట ఒక్కసారిగా పైకి లేస్తుంది, ఊపిరి ఉన్నంతసేపూ అక్కడే నిలబడుతుంది. మిల్లు గేటు తెరుచుకోలేదు. పాట మాత్రం ఊళ్ళు దాటింది. నాన్న ఏనాడూ దాన్ని మెచ్చుకోలేదు. ఎక్కడైనా వినిపిస్తే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు.

ఆ తరువాత సైకిల్ రిపేరు కొట్టు మీద ఒక గది, నలుగురు మనుషుల బృందం, రెండు స్పీకర్లు, కింద నుంచి రోజంతా సుత్తి దెబ్బలు. ఆరు రికార్డులు వచ్చాయి. వాటిలో రెండు పూర్తిగా చతికిలపడ్డాయి. ఒక దశలో గడ్డం పెంచి తత్వాలు పాడబోతే అభిమానులే చేతులు జోడించి ఆపారు. ఎన్ని రికార్డులు వచ్చినా, ఎన్ని పోయినా, ప్రతి ప్రదర్శన ‘గేటు తియ్యి’తోనే ముగియాలి. లేకపోతే జనం కుర్చీల్లోంచి లేవరు.

అంత పెద్ద పాటగాడికి గిటారు శ్రుతి చేసుకోవడం రాదు. ఈ సంగతి బయటివాళ్ళు నమ్మరు. గొంతు ఏనాడూ శ్రుతి తప్పదు కానీ, తీగ బిగించే మర మీద చెయ్యి వేస్తే చాలు, ఆ తీగ ఎటో పోతుంది. తమ్ముడికి పదేళ్ళు వచ్చినప్పటి నుంచీ ఆ పని తమ్ముడిదే. వాడి చెవి అంత నికార్సయినది. అందుకే బృందంలో అందరూ వాణ్ణి ‘చెవి’ అనే పిలుస్తారు. నలభై ఒకటో ఏట పడ్డాక కూడా అదే పిలుపు.

ఆరేళ్ళ క్రితం ఒక ప్రదర్శన అయ్యాక అన్నయ్య చేతులు కడుక్కునే తొట్టిలో ఉమ్మితే ఎర్రగా పడింది. గొంతు డాక్టరు చిన్న కెమెరా లోపలికి పంపి చూశాడు. స్వరపేటికలో వాపు ఉందనీ, ఒక సన్నటి రక్తనాళం చిట్లిందనీ చెప్పాడు. పాటలన్నీ శ్రుతి దించి పాడుకోవాలనీ, మొండికేస్తే ఏదో ఒకరోజు గొంతు మొత్తానికే పోతుందనీ హెచ్చరించాడు. అన్నయ్య అంతా విని, దించి పాడితే అది గేటు కాదు, కిటికీ అవుతుందని డాక్టరుకే చురక వేసి వచ్చేశాడు.

ఆ ఆసుపత్రి వరండాలోనే వదిన మరిదిని పక్కకు లాగింది. ఆయనకు చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోందనీ, తీగలు బిగించేది నువ్వే కదా, నీ చేతిలో పని నువ్వు చెయ్యమనీ అంది. ఆ వారమే వాడు అన్ని గిటార్లనూ శ్రుతిలో అర మెట్టు దించాడు. మంద్రపు తీగల గిటారు వాయించేవాడు మాట్లాడకుండా తనదీ దించుకున్నాడు. డ్రమ్ములవాడు తనకు శ్రుతితో పనే లేదు కాబట్టి నోరు ఒక్కటి మూసుకుంటే చాలు కదా అన్నాడు, మూసుకున్నాడు కూడా. ఆ రోజు ప్రదర్శన అయ్యాక అన్నయ్య తమ్ముడి మెడ చుట్టూ చెయ్యి వేసి, డాక్టర్లకు ఏం తెలుసనీ, చూడు ఇవాళ గొంతు ఎంత హాయిగా పలికిందోననీ మురిసిపోయాడు. ఆ మురిపెం చూశాక నిజం చెప్పడానికి నోరెలా వస్తుంది? రెండేళ్ళకు గొంతులో మళ్ళీ జీర కనిపించింది. వాడు ఇంకో అర మెట్టు దించాడు. అలా మొత్తం ఒక మెట్టు. అన్నయ్య తన పాత రికార్డులు వినే మనిషి కాదు, పక్కింట్లో మోగినా కిటికీ మూసేస్తాడు. అందుకే గుట్టు రట్టు కాలేదు.

ఇప్పుడు ఆ పాటకు ఇరవై అయిదేళ్ళు నిండాయి. పెద్ద హాల్లో సాయంత్రం ఏడు గంటలకు ప్రదర్శన. రికార్డు కంపెనీ దాన్ని అక్కడికక్కడే రికార్డు చేసి విడుదల చేస్తుంది. ఈసారి కొత్తదనం కోసం పియానో ఉండాలని కంపెనీవాళ్ళు ఒక అమ్మాయిని కుదిర్చారు. ఆ మాట విన్న రోజు నుంచీ తమ్ముడికి అన్నం సయించలేదు. మన పాటలకు పియానో నప్పదని రకరకాలుగా చెప్పి చూశాడు. అన్నయ్యకు మాత్రం ఆ ఆలోచన తెగ నచ్చింది. చివరికి తమ్ముడు ఆ అమ్మాయికి ఫోను చేసి, నీళ్ళు నమిలి నమిలి అసలు సంగతి చెప్పాడు. ఆమె తేలిగ్గా తీసుకుంది. తన కరెంటు కీబోర్డులో ఒక మీట ఉంటుందనీ, అది నొక్కితే వేళ్ళు పాత చోటే పెట్టినా శబ్దం ఒక మెట్టు కిందికి దిగుతుందనీ, మీ అన్నయ్యకు అనుమానమే రాదనీ చెప్పింది. వాడికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

మధ్యాహ్నం మూడింటికి అందరూ హాలు చేరారు. వేదిక మీద ఒక మూల గుడ్డ కప్పి ఏదో పెద్ద వస్తువు ఉంది. అన్నయ్య తిన్నగా వెళ్ళి ఆ గుడ్డ లాగాడు. నల్లగా నిగనిగలాడుతూ అసలు సిసలు పియానో. ఆయన కళ్ళు మెరిశాయి.

“ఆ ఆటబొమ్మ తీసెయ్యమ్మా. ఇది వాయించు.”

ఆ అమ్మాయి తమ్ముడి వైపు చూసింది. కర్రతో చేసిన పియానోకు అలా శ్రుతి మార్చే మీట ఉండదు. మూడు వారాలు ఒక శ్రుతిలో సాధన చేసిన వేళ్ళు అంత వడిగల పాటను ఉన్నపళంగా ఇంకో శ్రుతిలో వాయించలేవు. తమ్ముడు గబగబా అడ్డుపడ్డాడు. మైకులు మళ్ళీ అమర్చాలన్నాడు, టైము లేదన్నాడు, పియానో ముందు గిటార్లు వినపడవన్నాడు. పది నిమిషాల పనికి ఇంత గోల ఏమిట్రా అని అన్నయ్య కొట్టిపారేశాడు.

డ్రమ్ములవాడు నాలుగు లెక్కపెట్టాడు. మొదటి దెబ్బకే గిటార్లు ఒక దారి, పియానో ఒక దారి. వినలేక ముందు వరుసలో కంపెనీ మనిషి చెవులు మూసుకున్నాడు. అన్నయ్య చెయ్యెత్తి ఆపాడు.

“ఈ పియానో శ్రుతి తప్పింది. పైకి ఉంది. కదరా చెవీ?”

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి అదను రాదు. అది వాడికి తెలుసు. తెలిసి కూడా తలూపాడు.

“అవునన్నయ్యా. పియానోదే తేడా.”

ఆరేళ్ళలో నోటితో ఆడిన మొదటి అబద్ధం అది. ఇంతకాలం తీగలు మోసిన బరువు ఒక్కసారిగా వాడి నాలుక మీదికి వచ్చి పడింది.

హాలు మేనేజరు పరుగున వెళ్ళి పియానో శ్రుతి చేసే పెద్దాయనను తీసుకొచ్చాడు. అరవై దాటిన మనిషి. పొద్దుట ఆరింటికి వచ్చి నాలుగు గంటలు కూర్చుని ఒక్కో తీగా సరిచేశాడట. అన్నయ్య ఒంటికాలి మీద లేచాడు. ఇరవై అయిదేళ్ళ పాటను రికార్డు చేసే రోజున ఇలాంటి పనా అని అరిచాడు. కంపెనీ మనిషి ముఖం చూసి మేనేజరుకు వణుకు పుట్టింది. ఆ పెద్దాయన వైపు తిరిగి, ఇక రేపటి నుంచి మీరు రానక్కర్లేదని అందరి ముందూ అనేశాడు.

పెద్దాయన జేబులోంచి శ్రుతి సరిచూసుకునే రెండు కొనల ఇనుప కడ్డీ తీశాడు. తన మోకాలి మీద దాన్ని కొట్టి, పియానో చెక్కకు ఆనించి, అదే స్వరాన్ని పియానో మీద నొక్కాడు. రెండు శబ్దాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. అప్పుడు తమ్ముడి వైపు చెయ్యి చాపాడు.

“ఆ గిటారు ఒకసారి ఇలా ఇవ్వు బాబూ.”

తమ్ముడు గిటారును గుండెకు అదుముకున్నాడు. పెద్దాయన చెయ్యి అలాగే చాచి ఉంది. ఆ వేళ్ళ చివర్లు తీగలు లాగీ లాగీ కాయలు కాసి ఉన్నాయి, అచ్చం వాడి వేళ్ళలాగే. ఏళ్ళ తరబడి ఇదే పని చేసిన మనిషి కూడు తను ఇప్పుడు లాక్కుంటున్నాడు.

“పియానో సరిగ్గానే ఉంది,” అన్నాడు. “ఆయన తప్పేం లేదు. గిటార్లే ఒక మెట్టు కింద ఉన్నాయి. నేనే దించాను.”

అన్నయ్యకు మొదట అర్థం కాలేదు. ఇవాళ పొరపాటు చేశావా అని అడిగాడు. కాదన్నాడు తమ్ముడు. ఎప్పటి నుంచి అని అడిగితే ఆరేళ్ళన్నాడు. ఇంకెవరికి తెలుసని అడుగుతూనే అన్నయ్య వెనక్కి తిరిగాడు. మంద్రపు గిటారువాడు తన బూట్లను పరీక్షించుకుంటున్నాడు. డ్రమ్ములవాడు డ్రమ్ముల పక్కనున్న ఇత్తడి తాళం బిళ్ళ వెనక దాక్కోవాలని చూశాడు కానీ, వాడి శరీరానికి అది చాలలేదు. కింద కుర్చీల వరుసల్లోంచి వదిన లేచి నిలబడింది.

“వాణ్ణేమీ అనకు. నేనే చేయించాను.”

అన్నయ్య అరుస్తాడని అందరూ బిక్కచచ్చి ఎదురుచూశారు. ఆయన అరవలేదు. పెద్దాయన దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ పట్టుకుని క్షమించమన్నాడు. మేనేజరుతో, ఈయన రేపు రాకపోతే ఈ హాల్లో ఇక నేనూ పాడనన్నాడు. తరువాత మెట్లు దిగి వెనక ఉన్న గదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకున్నాడు.

నాలుగయింది. అయిదయింది. బయట గేటు దగ్గర అప్పటికే జనం చేరుతున్నారు. కంపెనీ మనిషి నిమిషానికోసారి గడియారం చూస్తూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. వదిన తలుపు తట్టి చూసింది, లోపల నుంచి ఉలుకూ పలుకూ లేదు. తమ్ముడు ఆ తలుపు పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. చిన్నప్పుడు ఏ తప్పు చేసినా అన్నయ్య ఒక్కటి అంటించేవాడు, దాంతో అయిపోయేది. ఇప్పుడు కూడా వచ్చి ఒక్కటి కొడితే బాగుండునని వాడు నిజంగానే కోరుకున్నాడు.

అయిదుంబావుకు గడియ తీసిన చప్పుడయింది. అన్నయ్య గుమ్మంలో నిలబడి, తన గిటారు తెమ్మన్నాడు. తెచ్చాడు.

“అసలు శ్రుతికి ఎక్కించు.”

తమ్ముడు గిటారు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఈ గిటారు ఎక్కిస్తే మిగతావీ ఎక్కించాలి. రెండు గంటల ప్రదర్శన, చివర్లో ఆ ‘తియ్యి’. డాక్టరు మాట వాడి చెవిలో గింగురుమంటోంది. పుట్టి బుద్ధెరిగాక వాడు అన్నయ్యకు ఎదురు చెప్పింది లేదు. కాదనడం చేతకాకే ఆరేళ్ళు దొంగతనంగా బతికాడు.

“ఎక్కించను అన్నయ్యా.”

“ఏమన్నావు?”

“ఎక్కించను. నీ గొంతు పోతుంది. కావాలంటే నన్ను బృందంలోంచి తీసెయ్యి.”

అన్నయ్య గిటారు లాక్కున్నాడు. కుర్చీలో కూర్చుని తనే మర తిప్పడం మొదలుపెట్టాడు. ఎంత తిప్పాలో తెలియదు, ఎక్కడ ఆపాలో తెలియదు. మీటుతాడు, తల అడ్డంగా ఊపుతాడు, మళ్ళీ తిప్పుతాడు. మొదటి తీగ సన్నగా కీచుమంది. చాలు అన్నయ్యా అని తమ్ముడు అనేలోపే అది టప్పున తెగి ఆయన బుగ్గ మీద గీరుకుంది. సన్నటి ఎర్రగీత తేలింది. ఆరు రికార్డుల ఉరుము, వేల మందిని కుర్చీల్లోంచి లేపిన మనిషి, తెగిన తీగ ఒడిలో పెట్టుకుని ఏం చేయాలో తోచక కూర్చున్నాడు. చూడలేక తమ్ముడు గోడ వైపు తిరిగాడు.

కాసేపటికి వెనక నుంచి సన్నగా పాట వినిపించింది. అన్నయ్య కళ్ళు మూసుకుని, ఏ వాయిద్యమూ లేకుండా ‘గేటు తియ్యి’ పాడుకుంటున్నాడు. వేదిక మీద పాడినట్లు కాదు. స్నానాల గదిలో, ఎవరూ వినడం లేదనుకున్నప్పుడు పాడుకునేలా. గొంతు ఎక్కడ హాయిగా కూర్చుంటుందో అక్కడ కూర్చోబెట్టి పాడాడు. చివరి మాట దాకా వెళ్ళి ఆగాడు.

“ఇది ఎక్కడుందిరా?”

తమ్ముడు తన గిటారు మీద వెతికాడు. ఒకసారి చూసుకున్నాడు, నమ్మలేక మళ్ళీ చూసుకున్నాడు.

“మనం ఇప్పుడు వాయిస్తున్న దానికన్నా ఒకటిన్నర మెట్టు కింద ఉంది.”

అన్నయ్య నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం లేదు.

“రెండేళ్ళుగా ప్రతి ప్రదర్శన తరువాతా నోట్లో రక్తం రుచి తగులుతోంది. వేడినీళ్ళు పుక్కిలించి, తుడుచుకుని, మీ దగ్గరికి నవ్వుకుంటూ వచ్చేవాణ్ణి. మీ వదినకు కూడా చెప్పలేదు. ఎందుకో తెలుసా? అదే శ్రుతి, అదే పాట, ఇన్నేళ్ళూ పాడినదే కదా, ఇప్పుడు చేతకాకపోవడమేమిటని సిగ్గు. ఒక మెట్టు దిగిపోయానని ముందే తెలిసి ఉంటే, ఇంకో రెండు మెట్లు దించరా అని ఏనాడో అడిగేవాణ్ణి. పైనే ఉన్నాననుకుని రోజూ చచ్చి పాడాన్రా.”

అన్నయ్యను కాపాడుతున్నానని తమ్ముడు ఆరేళ్ళు అనుకున్నాడు. ఆ కాపాడటమే ఆయన నోటికి తాళం వేసింది. నొప్పి చెప్పుకునే దారి తనే మూసేశాడు. వాడు నేల మీదికి జారి అన్నయ్య మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. లేవరా, ఇంకా గంటన్నరే ఉంది, ఏడుపు తరువాత పెట్టుకుందామన్నాడు అన్నయ్య.

అంత కిందికి దించితే మామూలు తీగలు వదులై గిలగిలలాడతాయి. మందం తీగలు తెప్పించి గిటార్లన్నిటికీ మార్చారు. పియానో పెద్దాయన కూడా పక్కన కూర్చుని తీగలు చుట్టిపెట్టాడు. తమ్ముడు ఆయన చేతిలో టీ గ్లాసు పెట్టాడు, ఆయన తీసుకున్నాడు. అమ్మాయి తన కీబోర్డు తెచ్చుకుని మీట సరిచూసుకుంది. కంపెనీ మనిషి మాత్రం ఇంత దించితే జనం ఒప్పుకోరనీ, రికార్డు మునుగుతుందనీ తల పట్టుకున్నాడు. మునిగితే మొదటిది కాదులే అన్నాడు అన్నయ్య.

ఏడింటికి హాలు కిక్కిరిసింది. మొదటి పాటలు గడిచిపోయాయి. గొంతు మారిందని జనానికి తెలుస్తూనే ఉంది, గుసగుసలు వేదిక దాకా వస్తున్నాయి. చివరికి ‘గేటు తియ్యి’ మొదలైంది. రెండు పాదాలు కాగానే మధ్య వరుసల్లోంచి ఎవరో గట్టిగా అరిచారు.

“ఉరుమూ, పైకి పాడు.”

ఇంకో పది గొంతులు అదే అందుకున్నాయి. అన్నయ్య చెయ్యెత్తి వాయిద్యాలు ఆపించాడు. రికార్డింగు నడుస్తూనే ఉంది. ముందు వరుసలో వదిన చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్నయ్య పంతానికి పోయి ఆ పాత ఎత్తు అందుకోబోతాడేమోనని తమ్ముడి భయం. ఒక్కసారి అందుకుంటే చాలు, ఆ గొంతు ఇక ఉండదు.

“పైకి రాదు,” అన్నాడు అన్నయ్య మైకులో. “ఆరేళ్ళ నుంచీ రావడం లేదు. నాకు ఇవాళే తెలిసింది. ఇక్కడి నుంచే పాడతాను, వినేవాళ్ళు వినండి.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరుసల్లో కొందరు లేచి వెళ్ళిపోయారు, తలుపులు పడిన చప్పుడు వినిపించింది. అన్నయ్య ఆ చప్పుడు ఆగేదాకా ఓపిగ్గా నిలబడి, తరువాత తమ్ముడి వైపు చూసి తల పంకించాడు. తమ్ముడు వేళ్ళు తీగల మీద పెట్టి మొదలుపెట్టాడు.

ఈసారి ఆ పాట గేటు బయట నిలబడి అరుస్తున్నట్లు లేదు. లోపల ఎవరున్నారో తెలిసిన మనిషి, దగ్గరగా వచ్చి అడుగుతున్నట్లుంది. చివరి ‘తియ్యి’ దగ్గర తమ్ముడు అన్నయ్యనే చూశాడు. ఇన్నేళ్ళూ ఆ మాట దగ్గర అన్నయ్య మెడ మీద ఒక నరం తాడులా ఉబ్బి పైకి తేలేది. అభిమానులు దాన్ని ఫోటోలు తీసుకునేవాళ్ళు. పక్కనే నిలబడి రోజూ చూసిన తమ్ముడు కూడా అదంతా పాట ఊపేననుకున్నాడు. ఈ రాత్రి అన్నయ్య ఆ మాటను ఊపిరి ఉన్నంతసేపూ నిలబెట్టాడు, మెడ నున్నగానే ఉంది.